రద్దు – వాయిదా – నిలుపుదల
(ఉపన్యాస పాఠము)



నేను రైల్వే గుమాస్తాను. మెట్రిక్ వరకే చదివినవాడను. నా బల్లమీదికి నిత్యము వచ్చు కొన్ని ఇంగ్లీషు మాటలను గూర్చి మనవి చేసెదను.

నేటి బండి అసలే నడవదన్నచో ‘కాన్సిల్’. టికెట్టు చార్జీ అంతయు వాపసు. ప్రయాణికుడే మానుకొన్నచో అదే మాట, కాని కొంత సొమ్ము కోతపడును. వేళ మార్చి బయలుదేరదీసినచో ‘రీషెడ్యూల్’. నడిమి స్టేషనులోనే ముగించినచో ‘షార్ట్ టెర్మినేట్’. సభను మరొక తేదీకి జరిపినచో ‘పోస్ట్‌పోన్’. ప్రకటించిన సమ్మెను విరమించినచో ‘కాల్ ఆఫ్’. మొదలైన ఆట వానవలన ఆగిపోయినచో ‘అబాండన్’. తాత్కాలికముగా నిలిపినచో ‘సస్పెండ్’.

మనము అన్నింటికిని ‘రద్దు’ అనియే అనేస్తాము. 2020 మార్చి 25, శార్వరి ఉగాది. కరోనా మూలమున దేశమంతటను ప్రయాణికుల బండ్లు ఆగియున్నవి. పావగడ తాలూకాలో ఉన్న మా అమ్మకు ఫోనులో “బండ్లు రద్దయినాయమ్మా” అన్నాను.

“అయితే ఇంగ రావేమిరా నాయనా?” అని ఆమె ఏడ్చినది.

“రద్దు కాదమ్మా, నిలిపినారంతే. మళ్ళీ నడుస్తాయి” అని దిద్దుకొన్నాను. ఆమె ఊపిరి పీల్చుకొన్నది. మే 12న కొన్ని ప్రత్యేకపు బండ్లు కదలినవి.

కనుక ఫారము నింపునప్పుడును, ఇంటికి కబురు చెప్పునప్పుడును తగిన మాటనే వాడుదము.