వాక్స్వాతంత్ర్యము – నిషేధము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



ఇరువదియైదేండ్లు నిండిన గ్రంథాలయమున పుస్తకములను గూర్చి గాక సెల్‌ఫోనులోని మాటలను గూర్చి ప్రసంగించుట తగునా యని కొందరు మిత్రులు నన్నడిగిరి. తగుననియే నా మనవి. పుస్తకమైనను, పత్రికయైనను, వాట్సాపు సందేశమైనను మనుష్యుడు తోటి మనుష్యునితో చెప్పుకొను మాటయే గదా! ఆ మాటను ప్రభుత్వము ఎప్పుడు ఆపవచ్చును, ఎట్లు ఆపవలెను అను ప్రశ్న గ్రంథాలయమునకు పరాయిది కాదు. అదియును గాక, ఈ విషయమున నేనొక తప్పు చేసియుంటిని. దానిని ఈ సభలో ఒప్పుకొనవలసియున్నది.

ముందుగా మన దేవళమును స్మరింతము. శ్రీకూర్మనాథుని ఆలయ స్తంభములపై నున్న శాసనములను మీరు నిత్యమును చూచుచునేయున్నారు. వానిలో నరహరితీర్థులవారి శాసనము 1281వ సంవత్సరము నాటిది. ఎందరో భక్తులు స్వామికి అఖండదీపములు వెలుగుటకై దానములు చేసి, ఆ సంగతిని రాతిపై చెక్కించిరి. ఎవరిచ్చిరి, ఏమిచ్చిరి, ఎందులకిచ్చిరి అనునది అందు గలదు. లెక్కలు వ్రాసి బ్రతుకువాడను గనుక ఆ స్తంభములు నాకు స్వామివారి ఖాతాపుస్తకమువలె తోచుచుండును. సందేహము గలవాడు ఎవడైనను వచ్చి చదువుకొనవచ్చును. పదిమందిని కట్టుపరచు మాట పదిమంది కన్నులయెదుట ఉండవలెనను ఈ ఆచారమును ఒకింత జ్ఞాపకముంచుకొనుడు. మరల దానికే వత్తును.

ఇక వర్తమానమునకు వత్తము. 2022 ఏప్రిల్ 4న కోనసీమ ప్రత్యేక జిల్లాగా ఏర్పడినది. మే నెలలో ఆ జిల్లాకు డాక్టర్ బి.ఆర్. అంబేద్కరు పేరు చేర్చుటకు ప్రభుత్వము ప్రకటన వెలువరించగా, మే 24న అమలాపురమున ఆందోళన హింసగా పరిణమించినది. ఒక మంత్రి యిల్లు, ఒక శాసనసభ్యుని యిల్లు తగులబడినవి. వదంతులు ప్రాకకుండుటకై అధికారులు అచ్చట అంతర్జాలమును నిలిపివేసిరి. ఆ నిలుపుదల సుమారు రెండు వారములు సాగినది. ఇంటనుండి కొలువు చేసికొను యువకులు సిగ్నలు కొరకు పొరుగూళ్లకు పోవలసివచ్చినది. నిప్పు పెట్టినవారు కొందరు. నోరు కట్టువడినవారు జిల్లా ప్రజలందరును. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మన ఉద్దానము ఫోనులు మూగవోయినవి. ఆ దినములలో బంధువుల క్షేమము తెలియక మనము పడిన ఆవేదన మనకే తెలియును. అది గాలి చేసిన పని. మనుష్యుడు చేయు పనికి కారణము అడుగుట న్యాయము.

అట్లని అధికారుల పక్షమున న్యాయము లేదని నేననను. 2018 మే నెలలో పిల్లలనెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవను పుకారు వాట్సాపు ద్వారా మన రెండు తెలుగు రాష్ట్రములను కుదిపివేసినది. ఊరికి క్రొత్తవారైన అమాయకులు దెబ్బలు తినిరి. ప్రాణములు కోల్పోయినవారును గలరు. కన్నుమూసి తెరచునంతలో వేయి చేతులు మారు అబద్ధమును ఆపకుండుమని ఏ పెద్దమనిషి చెప్పగలడు? మన రాజ్యాంగము 19వ అధికరణమున భావప్రకటన స్వేచ్ఛను ప్రసాదించి, ఆ వెంటనే దేశ భద్రత, ప్రజాశాంతి మున్నగు కారణములచే సమంజసమైన హద్దులు విధింపవచ్చుననియు చెప్పినది. హద్దు ఉండవలెనా వద్దా యనునది మన వాదము కాదు. హద్దు ఎట్టిదిగా నుండవలెననునదే వాదము.

ఈ సందర్భమున సభాపర్వమున శిశుపాలుని కథను తలంచుకొందము. వాని నూరు తప్పులు సైరింతునని శ్రీకృష్ణుడు వాని తల్లికి ముందుగనే మాటయిచ్చెను. రాజసూయ సభలో వాడు భీష్ముని, కృష్ణుని నోటికి వచ్చినట్లు నిందించెను. కృష్ణుడు ఆ మాట యిచ్చిన సంగతిని రాజులందరికి వినిపించి, ఆ మీదటనే చక్రమును ప్రయోగించెను. ఇందు మూడు ధర్మములు గలవు. హద్దు ముందే తెలుపబడినది. లెక్క తప్పలేదు. కారణము సభలో చెప్పబడినది. దండించు అధికారము గలవానికి ఇంతకు మించిన నియమావళి యేది?

అరణ్యపర్వమున దీనికి భిన్నమైన కథ యొకటి కలదు. పాండవుల రాజ్యమును వారికి తిరిగి యిమ్మని విదురుడు హితము చెప్పగా, ధృతరాష్ట్రుడు కోపించి, నీ యిచ్చవచ్చిన చోటికి పొమ్మనెను. విదురుడు కామ్యకవనమునకు పోయెను. ఆయన మాట వినబడని కొలువులో ఆ వృద్ధరాజు నిలువలేకపోయెను. సంజయుని పంపి మరల పిలిపించుకొనెను. అప్రియమైన మాటను వెళ్లగొట్టుట సులభము. అది లేనిలోటు తరువాత తెలియును.

మన ప్రాంతమున కథలకు బదులు చరిత్రయే కలదు. నరసన్నపేట ప్రాంతపు గోనెపాడులో 1893లో జన్మించిన గరిమెళ్ల సత్యనారాయణగారు ‘మాకొద్దీ తెల్లదొరతనము’ అను పాటను వ్రాసి ఆనాటి ప్రభుత్వముచే కారాగారమునకు పంపబడిరి. వ్రాసినవానిని బంధించిరే గాని పాటను బంధింపలేకపోయిరి. ఉన్నవ లక్ష్మీనారాయణగారి ‘మాలపల్లి’ నవల 1922లో అచ్చు కాగా మదరాసు ప్రభుత్వము దానిని నిషేధించినది. నేడు ఆ పుస్తకము లేని తెలుగు గ్రంథాలయము గ్రంథాలయమనిపించుకొనదు. నిషేధించిన అధికారుల పేర్లు మనలో ఎందరికి తెలియును?

ఇప్పటి చట్టము మాట చూతము. 2000వ సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టమున 66ఏ అను సెక్షను క్రింద, చిరాకు కలిగించు మాట వ్రాసినను జైలు తప్పకుండెను. శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు 2015 మార్చి 24న దానిని కొట్టివేసెను. కాని అదే తీర్పులో 69ఏ సెక్షనును నిలిపియుంచెను. దేశ భద్రత, ప్రజాశాంతి మొదలగు నిర్ణీత కారణములపై ఖాతాలను, సైట్లను నిరోధించుటకు కేంద్రమునకు అధికారమిచ్చునది ఈ సెక్షనే. కారణము వ్రాతపూర్వకముగా నుండవలెను గనుక దానిని కోర్టులో ప్రశ్నింపవచ్చునని న్యాయమూర్తులు తలంచిరి. చిక్కెక్కడ వచ్చినదనగా, 2009 నాటి నిబంధనలలో ఈ వ్యవహారమును రహస్యముగా నుంచవలెనను నియమము కలదు. నిరోధింపబడిన ఖాతాను తెరచినవానికి చట్టపరమైన కోరికపై నిలుపబడినదను ఒక్క పంక్తి కనబడును, కారణము కనబడదు. చూడని ఆజ్ఞపై అప్పీలు చేయుట ఎట్లు?

2020 జనవరి 10న అనురాధా భసీన్ కేసులో అదే సుప్రీంకోర్టు, అంతర్జాలమును నిలుపు ఆజ్ఞలను ప్రకటింపవలెననియు, గడువు లేని నిలుపుదల చెల్లదనియు చెప్పినది. ఆ సంవత్సరమే జూన్ 29న టిక్‌టాక్‌తో కూడ 59 చైనా యాప్‌లను నిషేధించినప్పుడు కేంద్రము పేర్లను, కారణమును బహిరంగముగా ప్రకటించెను. ఆ నిర్ణయము మంచిదా చెడ్డదా యని వాదించుకొనుటకైనను మనకు వీలు కలిగినది. వాదము నేటికిని సాగుచునేయున్నది. సహయోగ్ పోర్టలు ద్వారా వచ్చు తొలగింపు ఆజ్ఞలను ప్రశ్నించుచు ఎక్స్ సంస్థ వేసిన పిటిషనును 2025 సెప్టెంబరు 24న కర్ణాటక హైకోర్టు త్రోసిపుచ్చినది. ఆ నెలలోనే పొరుగున నేపాళములో, నమోదు చేసికొనలేదను కారణమున ప్రభుత్వము 26 సామాజిక మాధ్యమములను మూసివేసినది. అవినీతిపై అప్పటికే కుములుచున్న యువకులు 8వ తేదీన వీథులకెక్కిరి. ఆ దినమున 19 మంది మరణించిరి. ఆ రాత్రియే నిషేధమును ఎత్తివేసిరి. మరునాడు ప్రధానమంత్రి ఓలి రాజీనామా చేసిరి. మూత బిగించినంత మాత్రమున ఎసరు చల్లారదు.

ఇప్పుడు నా తప్పు చెప్పుదును. రెండేండ్ల క్రిందట మన గ్రంథాలయపు వాట్సాపు గ్రూపులో చెరువుగట్టు మరమ్మతు లెక్కలను గూర్చి ఇరుపక్షములవారు దూషించుకొనిరి. గ్రూపు నిర్వహణ నాది. ఒక రాత్రి విసిగి, ఎవరును వ్రాయుటకు వీలులేకుండ దానిని బిగించితిని. నేనును వ్రాయుట మానితిని. కారణము చెప్పలేదు, గడువు చెప్పలేదు. ఊరు ప్రశాంతమైనదని మురిసిపోతిని. నెల గడచిన పిదప ఒక అమ్మాయి వచ్చినది. ఉద్యోగ ప్రకటనలను ఆ గ్రూపులోనే చూచుకొను పిల్ల ఆమె. ఒక పరీక్షకు దరఖాస్తు గడువు దాటిపోయినది. ఆమె యనిన మాట ఆమె నోటి మాటగనే చెప్పెదను: “మావయ్యగారూ, తిట్టుకున్నది వాళ్లు. తలుపు మూసింది మా అందరికీ. మూసేనని ఒక్క మాట చెప్పినా, నేనొచ్చి పేపరు చూసుకుందును.”

నాకు బదులు తోచలేదు. నలువది మైళ్లు పోయి నేర్చుకొనవలసిన పాఠము కాదది. నా చేతి క్రింద చిట్టాలోనే యున్నది. లెక్కలో తప్పు పడినప్పుడు మేము దానిని తుడిచివేయము. ఒక్క గీతతో కొట్టివేసి, పైన సరియైన అంకె వేసి, ప్రక్కన సంతకమును తేదీని ఉంచుదుము. కొట్టివేసిన అంకె క్రింద చదువుటకు వీలుగనే యుండవలెను. అప్పుడే తనిఖీకి వచ్చినవాడు, కొట్టివేసినది న్యాయమా అన్యాయమా యని తేల్చగలడు. తుడిచివేసిన లెక్కను ఎవడును నమ్మడు, అందు మోసము లేకపోయినను. ముప్పదియేండ్లుగా కాగితముపై పాటించిన ధర్మమును మాట విషయమున మరచితిని.

కొట్టివేత వేరు, తుడిచివేత వేరు. హింసకు పురికొల్పు మాటను ప్రభుత్వము కొట్టివేయవలసిన ఘడియ రావచ్చును. కాని కొట్టివేసిన చేయి ఎవరిదో, కారణమేమో, ఎన్నాళ్లకో తెలియవలెను. ఆ ఒక్క మాటనే కొట్టవలెను గాని పుట మొత్తమును చింపరాదు.

దేశమునకు చెప్పుటకు ముందు మన యింట పాటింతము. అందుచే ఈ రజతోత్సవమున కార్యవర్గమునకు ఒక మనవి చేయుచున్నాను. ఇకమీదట మన గ్రంథాలయమున ఏ పుస్తకమునైనను బీరువాలో పెట్టి తాళము వేసినను, ఏ పత్రికనైనను మాన్పించినను, గ్రూపును ఒక్క పూట మూసినను, నాలుగు సంగతులు గోడపై అతికింపవలెను: ఏది మూసితిమి, ఎందులకు మూసితిమి, ఎప్పటివరకు, అభ్యంతరమున్నవారు ఎవరినడుగవలెను. మొదటి కాగితము నా పేరనే నేడు అతికించితిని, రెండేండ్లు ఆలస్యముగా. సభ ముగిసిన పిదప దయచేసి చదువుడు.

మన పూర్వులు దీపమునకిచ్చిన దానమును సైతము రాతిపై చెక్కి బయట నిలిపిరి. దీపమును ఆర్పు ఆజ్ఞను మాత్రము మనము చీకటిలో దాచుదుమా? స్వామి కృపవలన ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును జరుపుకొను నాటికి, నేడిచ్చట కూర్చున్న పిల్లలు నిర్భయముగా మాటాడుచు, ఎదుటివాని మాటను ఓపికతో వినుచు నుందురుగాక యని కోరుచున్నాను.