రాతి మీద తూటా గుర్తులున్నయి.. మనుషుల మీదివి ఎవరు చూడాలె?

(అమరుల యాది సభలో మా పత్రిక తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఉద్యమ కాలంల గన్‌పార్కు మనకు గుడి లెక్క. ఏ ఊరేగింపయినా ఆ స్తూపానికి మొక్కినంకనే కదిలేది. ఎన్ని పూలదండలు వేసినమో లెక్కలేదు. కానీ దాని కింది భాగాన్ని ఎంతమందిమి నిమ్మళంగ చూసినం? నల్లరాతికి నాలుగు దిక్కుల చిన్న చిన్న బొక్కలుంటయి. ఒక్కో దిక్కు తొమ్మిది. అవి తూటా గుర్తులు. 1970ల పునాదిరాయి పడి, 1975 నాటికి పూర్తయిన ఆ స్తూపం మీద, 1969 కాల్పులను శిల్పి ఎక్కా యాదగిరిరావు అట్ల చెక్కిండు.

ఇయ్యాళ మేము మాట్లాడేది ఆ బొక్కల గురించే. తూటా తాకి ప్రాణం పోతే అమరుడంటున్నం, జోహార్లు చెప్తున్నం. చెప్పాలె కూడా. మరి తూటా తాకినా బతికినోడిని ఏమని పిలుస్తున్నం?

1969ల 369 మంది అమరులయిండ్రని మనం చెప్పుకున్నం. సర్కారు లెక్క తక్కువుంటే కొట్లాడినం. గాయపడ్డోళ్లు ఎంతమందని ఒక్కనాడన్నా గట్టిగ అడిగినమా? అప్పుడు ఇరవై ఏండ్ల విద్యార్థికి ఇప్పుడు డెబ్బై అయిదు దాటినయి. కాలు ఈడ్చుకుంట నడిచే ఆ పెద్దమనిషిని చూసి వాడకట్టు పిల్లలు ముసలితనం అనుకుంటున్నరు. అది ముసలితనం కాదు, ఉద్యమం.

ఇది ఒక్క 1969 ముచ్చట కాదు. 1947 సెప్టెంబర్ 2న పరకాలల జాతీయజెండా ఎగరేయబోయిన జనం మీద నిజాం బలగాలు కాల్పులు జరిపినయి. 22 మంది అమరులయిండ్రు. 2003ల అక్కడ అమరధామం లేచింది. అదే మైదానంల నెత్తురు కారుకుంట ఇంటికి పోయినోళ్లు వందకు పైనే అని పెద్దలు చెప్తరు. వాళ్ల యాది ఏది?

మా తరం సంగతికొస్తం. 2009 చివర్ల, 2010ల ఉస్మానియా క్యాంపస్‌ల లాఠీలు, రబ్బరు తూటాలు, బాష్పవాయువు చూసినం. 2010 మే 28న మానుకోట రైల్వేస్టేషన్ కాడ కాల్పులయినయి. మానుకోట రాళ్ల గురించి పాటలు కట్టుకున్నం. తూటా తాకినోళ్లు మల్ల కూలికి పోగలిగిండ్రా అని ఎంతమందిమి పోయి అడిగినం?

తప్పు మాది కూడా. మేము పత్రికలోళ్లం. "పలువురికి గాయాలు" అని ఒక్క ముక్క రాసి పేజీ మూసినం. ఆ "పలువురు" ఎవరు, ఏ ఊరోళ్లు, ఏ దవాఖానల పడి ఉన్నరని తెల్లారి మల్ల పోలేదు. ఆ బాకీ మా మీద ఉన్నది. అందుకే ఈ మాట మేమే ఎత్తుతున్నం.

కాల్పులల్ల, లాఠీచార్జిల శాశ్వతంగ అంగవైకల్యం వచ్చినోళ్లను కూడా స్వాతంత్ర్య సమరయోధుల కేంద్ర పింఛన్ పథకం లెక్కలకు తీసుకున్నది. ఢిల్లీ సర్కారుకు తట్టిన మాట సొంత రాష్ట్రం తెచ్చుకున్న మనకు తట్టకపోతే ఎట్ల? 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. 2023 జూన్ 22న హుస్సేన్‌సాగర్ ఒడ్డున దీపం ఆకారంల పెద్ద అమరుల స్మారకం ప్రారంభమయింది. సంతోషమే. ఆ దీపం వెలుగు బతికున్న గాయం మీద గూడ పడాలె.

మేము కోట్లు ఖర్చయ్యే కట్టడం అడుగుతలేం. కాల్పులు జరిగిన ప్రతి ఊర్ల ఒక రాయి పాతాలె. దాని మీద ఆనాడు గాయపడ్డోళ్ల పేర్లు, ఊర్లు రాయాలె. ఆవిష్కరణ మంత్రులతోటి కాదు, వాళ్ల చేతులతోటే జరగాలె. వాళ్ల మందుల ఖర్చు సర్కారు భరించాలె.

సర్కారు కదిలేదాకా ఆగుదామా? విద్యార్థి తమ్ముళ్లారా, ఒక నోటుబుక్కు పట్టుకొని మీ ఊర్లె పెద్దల దగ్గరికి పోండ్రి. ఉద్యోగ మిత్రులారా, మీ ఆఫీసుల్ల 1969ల దెబ్బలు తిని రిటైరయినోళ్లను యాది చేసుకోండ్రి. వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసి పంపండ్రి, మేము అచ్చేస్తం. అమరులు నోరు తెరిచి చెప్పలేరు. వీళ్లు చెప్పగలరు. కానీ ఎక్కువ రోజులు లేవు.

అమరులకు జోహార్లు. గాయాలతోటి బతుకుతున్న యోధులకు వందనాలు. జై తెలంగాణ!