ఆరోగ్యమునకు బలసాధన



గ్రంథాలయ రజతోత్సవమున కండబలమును గూర్చి ప్రసంగమేమిటని కొందరికి తోచవచ్చును. కాని చదువరి బల్లమీదనుండి చేతి ఊత లేకుండ లేవగలుగుట కూడ చిన్న సంగతి కాదు. ప్రత్తిచేలలోను మిరపచేలలోను పుట్టి పెరిగినవారికి వేరే వ్యాయామ మెందుకను ప్రశ్న చిలకలూరిపేట ప్రాంతమున తరచు వినబడును. ఆ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. దానికి సమాధానము చెప్పవలసియే యున్నది.

ఆంధ్రదేశమున బలసాధన యనగానే కోడి రామమూర్తినాయుడు జ్ఞప్తికి వచ్చును. ఆయన 1882లో వీరఘట్టమున జన్మించెను. విజయనగరమున వ్యాయామోపాధ్యాయుడుగా పనిచేసి, పిదప సర్కసు నెలకొల్పెను. ఛాతీకి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగించి త్రెంచుట, ఱొమ్ముపై ఏనుగును నిలుపుకొనుట ఆయన ప్రదర్శనలలోనివి. 1942లో గతించిన ఆ మహాబలుని ప్రజలు కలియుగ భీముడనిరి. చూచినవారు చప్పట్లు చరచిరి, బలము దైవదత్తమని తలచి ఇండ్లకు పోయిరి. ఆయన బడిలో పిల్లలకు వ్యాయామము నేర్పిన ఉపాధ్యాయుడను సంగతి మాత్రము మరుగున పడినది. నేర్పదగినది గనుకనే కదా ఉపాధ్యాయుడు కావలసి వచ్చెను! శ్రీకాకుళము సీమలోని ఊసవానిపేట ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో, 69 కిలోల తరగతిలో, మొత్తము 240 కిలోలెత్తి కాంస్య పతకము గెలిచెను. ఒలింపిక్ పతకము పొందిన తొలి భారత మహిళ ఆమెయే. ఆ బరువును ఆమె ఒకనాటిలో ఎత్తలేదు.

క్రీస్తుపూర్వము 6వ శతాబ్దిలో మైలో అను గ్రీకు మల్లుడుండెను. అతడు దినదినము ఒక దూడను భుజాన మోసెననియు, దూడ పెరిగి ఎద్దైనను మోయగలిగెననియు ఒక కథ కలదు. కథ నిజమో కాదో గాని, అందలి కిటుకు నిజమైనది. శరీరము తనపై పడిన బరువునకు కొంచెము కొంచెముగా అలవాటుపడి, కండను పెంచుకొనును. ఈ కిటుకు ఇచటి రైతునకు తెలియనిది కాదు. బండలాగుడు పందెమునకు ఒంగోలు గిత్తలను సిద్ధపరచునప్పుడు తొలినాడే పెద్ద బండను కట్టడు. మేతను, విశ్రాంతిని చూచుకొనుచు బరువు పెంచును. ఎడ్ల విషయమున ఇంత నేర్పు చూపువాడు తన మోకాళ్ల విషయమున ఏమియు ఆలోచింపకుండుట వింతయే.

ముప్పది యేండ్లు దాటిన పిదప మానవుని కండ క్రమముగా తరుగుచుండును. పది సంవత్సరములకు నూటికి 3 నుండి 8 పాళ్ల వరకు తగ్గునని వైద్యుల అంచనా. అరువది దాటినచో ఇంకను వేగముగా తగ్గును. ముసలితనమున నులకమంచము మీదనుండి లేచుటకు మనుమని చేయి కావలసి వచ్చుటకును, స్నానపు గదిలో కాలుజారి తుంటి ఎముక విరుగుటకును ఇది ముఖ్యకారణములలో నొకటి. తుంటి విరిగినవారిలో పలువురు మరల మునుపటివలె నడువజాలరు. భోజనానంతరము నెత్తురులోనికి వచ్చిన చక్కెరను అధికభాగము పీల్చుకొనునది కండయే గనుక, కండ తరిగినచో మధుమేహమునకు త్రోవ ఏర్పడును. బరువు పడని ఎముకలు కూడ పలుచబడును; ముట్లుడిగిన స్త్రీలలో ఈ నష్టము మరింత త్వరితము.

ఇది విధివ్రాత కాదని 1990లో అమెరికాలోని బోస్టను నగర వైద్యులు చూపిరి. వృద్ధాశ్రమమున నివసించు తొంబది యేండ్లవారి చేత 8 వారములు కాళ్లతో బరువులెత్తించిరి. తొడబలము సగటున నూటికి 174 పాళ్లు పెరిగెను. పాల్గొన్నవారు పదిమందియే, అయినను తొంబదవ యేట సయితము కండ మాట వినునని ఆ ప్రయోగము స్పష్టపరచెను.

ఇక మొదటి ప్రశ్న. మిరపకాయలు కోయు స్త్రీ ప్రొద్దుగూకువరకు నడుము వంచియే యుండును. అలసట అపారము, చేతికి వచ్చు బరువు స్వల్పము. నడుము అరుగునే గాని తొడలు బలపడవు. మిర్చి టిక్కీలు మోయు హమాలీకి బలమున్నది, విశ్రాంతి లేదు. శ్రమించువాడు పని ముగియువరకు మోయును. సాధకుడు కండకు కావలసినంత మోసి ఆగును. అందుచే అట్టివారికి మరింత బరువు గాక, నడుమునకు, భుజములకు తోడ్పడు తేలికపాటి సాధనయు, నిద్రయు ముఖ్యములు. పొలమున ట్రాక్టరు, గట్టువరకు మోటారు సైకిలు వచ్చిన పిదప, రైతు పేరు నిలిచినను ఆతని పూర్వపు శ్రమ చాలవరకు తగ్గినది. అతనికి సాధన తప్పదు.

నడక మంచిదే. దానిని మానుమని ఎవరును చెప్పరు. నడకతోపాటు వారమునకు కనీసము రెండు దినములు ప్రధాన కండరములన్నిటికి బలసాధన కావలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించెను. దీనికి యంత్రశాల అక్కరలేదు. పూర్వుల దండీలు, బస్కీలు చాలును. వృద్ధులు గట్టి కుర్చీలో కూర్చుండి, చేతులు ఆనించక లేచి, మరల మెల్లగా కూర్చుండవలెను. పదిసార్లు చేసి, ఆగి, మరల చేయవలెను. గోడకు చేతులానించి త్రోయుట, సంచిలో ఇసుక నింపి ఎత్తుట తరువాతివి. పదిసార్లు సులువైనపుడు గుప్పెడు ఇసుక ఎక్కువ పోయవలెను. బరువెత్తునప్పుడు ఊపిరి బిగబట్టరాదు. గొలుసులు త్రెంచువారి పద్ధతి రక్తపుపోటు గలవారికి చేటు. గుండెజబ్బు గలవారు ముందుగా వైద్యునడిగియే మొదలిడవలెను.

స్త్రీలు బరువులెత్తినచో పురుషులవలె కండలు తిరుగునను భయమొకటి కలదు. పురుషులలో కండను పెంచు రసము స్త్రీలలో మిక్కిలి తక్కువ గనుక అట్లు జరుగదు. బిందెడు నీరు చంకనెత్తుకొని వచ్చిన అవ్వలకు ఎవరును ఆ మాట చెప్పలేదు. కండ కట్టుటకు మాంసకృత్తులు కావలెను గనుక పచ్చడి మెతుకులతో సరిపెట్టక పప్పు, శనగలు, పాలు, వీలైనచో గ్రుడ్లు తినవలెను.

మొదటి వారమున తొడలు నొప్పిపుట్టును. రెండు మూడు దినములలో తగ్గును. కీలులో పొడిచినట్లున్నను, ఛాతీ బిగువైనను, కన్నులు తిరిగినను వెంటనే ఆపి వైద్యునికి చూపవలెను.