బీపీ నిలబడింది, మరి మనిషి?



పట్టాలందుకున్న యువ వైద్యులారా, ఇక ముందు ఐసీయూలో మీకు పదేపదే ఎదురయ్యే రోగి గురించే ఈ నాలుగు మాటలు. ఇన్‌ఫెక్షన్ ముదిరి, రక్తనాళాలు సడలి, బీపీ పడిపోతుంది. సెలైన్, యాంటీబయాటిక్, నోరాడ్రినలిన్ వరసగా ఎక్కిస్తారు. మీన్ ప్రెషర్ 65 దగ్గర నిలపాలి. డోసు ఎంత పెంచినా కొందరిలో నిలవదు. మొండికేసిన సెప్టిక్ షాక్ అదే.

దీనికి మందు వెతికిన చరిత్రలో ఒక ఘట్టం ప్రతి వైద్యుడికీ గుర్తుండాలి. సెప్సిస్‌లో నైట్రిక్ ఆక్సైడ్ విపరీతంగా తయారై రక్తనాళాలను వదులు చేస్తుంది. ఆ తయారీనే అడ్డుకుంటే? ఆలోచనలో తప్పేమీ కనబడదు. అలా అడ్డుకునే 546సి88 అనే మందును 797 మందితో ట్రయల్‌లో పరీక్షించారు. బీపీ పెరిగింది. కానీ 28 రోజుల్లో మందు అందినవారిలో 59 శాతం చనిపోయారు, ప్లాసిబో అందినవారిలో 49 శాతం. ట్రయల్‌ను మధ్యలోనే ఆపేశారు. 2004లో ఫలితాలు అచ్చయ్యాయి.

తర్వాత పరీక్షించిన ప్రతి మందునూ ఆ అనుభవంతోనే తూచాలి. 2008 ట్రయల్‌లో వాసోప్రెసిన్ నోరాడ్రినలిన్ అవసరాన్ని తగ్గించింది, మొత్తం మీద మరణాలను తగ్గించలేదు. 2017లో యాంజియోటెన్సిన్-2 మూడు గంటల్లో 70 శాతం మందిలో బీపీని లక్ష్యానికి చేర్చింది. ప్లాసిబోతో చేరింది 23 శాతమే. మరణాలు 54 నుంచి 46 శాతానికి తగ్గినట్టు కనిపించినా, ఆ తేడా మందు వల్లేనని గట్టిగా చెప్పడానికి చాలదు.

హైడ్రోకార్టిజోన్ కథ ఇంకా చిక్కు. 2018లో రెండు పెద్ద ట్రయల్స్ వచ్చాయి. ఒకదానిలో షాక్ త్వరగా తగ్గింది గానీ మరణాలు మారలేదు. ఫ్రాన్స్‌లో జరిగిన రెండోదానిలో ఫ్లూడ్రోకార్టిజోన్ కూడా కలిపి ఇస్తే 90 రోజుల మరణాలు 49 నుంచి 43 శాతానికి దిగాయి.

ఇదే షాక్‌లో పరీక్షించిన మరో మందు మిథిలీన్ బ్లూ, చవక. 2023లో మెక్సికోలో 91 మందితో చేసిన ట్రయల్‌లో బీపీ మందులు త్వరగా మానగలిగారు. అయితే ఇదీ నైట్రిక్ ఆక్సైడ్ దారినే అడ్డుకుంటుంది. ప్రాణాలు నిలుపుతుందో లేదో తేల్చడానికి 91 మంది చాలరు. ఆశపడవచ్చు, తొందరపడకూడదు.

అందుకే ఒక విన్నపం. మరో మందు తగిలించే ముందు చీము ఎక్కడైనా మిగిలిందేమో వెతకండి. యాంటీబయాటిక్ సరైనదేనా అని కల్చర్ రిపోర్టుతో సరిచూడండి. ఎకో పెట్టి గుండెను చూడండి. బయట ఎదురుచూస్తున్న ఇంటివాళ్లకు బీపీ అంకె ఒక్కటే చెప్పి వచ్చేయకండి. ప్రాణానికి భరోసా ఎంతవరకు ఉందో కూడా ఉన్నదున్నట్టు చెప్పండి.