జంట తీగచుట్టలు – వానిని చీల్చు విధము



నేడు నేను విద్యుత్ గిటారను వాద్యమందలి యొక చిన్న భాగమును గూర్చి చెప్పదలచితిని. వ్యాకరణమును ప్రబంధములును బోధించి విశ్రాంతి పొందిన పండితునికి ఈ తీగల గొడవ యేల యని మీరు తలపవచ్చును. మా మనుమడు ఆ వాద్యమును నేర్చుచున్నాడు. ఒకనాడు దానిని బోర్లించి, మరలు విప్పి, టంకపు కడ్డీ కాచి, లోపలి తీగను కోయుటకు ఉద్యుక్తుడయ్యెను. వెల పెట్టి కొన్న వాద్యమును కోయుట యేమని వాని తండ్రి కోపించెను. కారణ మడుగక వారించుట నా కలవాటు లేదు గనుక నేనడిగితిని. వాడు చెప్పినది కొంత, పాఠశాలలో నాతో పనిచేసిన భౌతికశాస్త్రోపాధ్యాయుడు వివరించినది కొంత, మీటరు పట్టి నేను చూచినది కొంత మీకు విన్నవింతును.

విద్యుత్తుతో కూడిన తంత్రీవాద్యము మనకు క్రొత్త గాదు. పాలకొల్లున 1969లో జన్మించి 2014లో కీర్తిశేషుడైన మాండలిన్ శ్రీనివాసు అట్టి వాద్యముపై కర్ణాటక సంగీతమును లోకమంతట వినిపించెను. నేడు చర్చి ప్రార్థనలలోను, పెండ్లివారి బృందములలోను గిటారు మీ గ్రామములకు వచ్చియే యున్నది. దానిని ముట్టకున్నను పెట్టెనుండి రొద వచ్చుట మీరు వినియుందురు. ఆ రొదతోనే నా ప్రసంగము.

విద్యుత్ గిటారు తంత్రుల క్రింద పికప్ అను సాధనముండును. అది యొక అయస్కాంతము, దాని దాపున వేలకొలది చుట్లుగా చుట్టిన తలవెండ్రుకవంటి రాగితీగ, అంతియే. ఉక్కుతంత్రి మీటగా కదలును. ఆ కదలికచే అయస్కాంతక్షేత్రము మారి చుట్టలో స్వల్పవిద్యుత్తు పుట్టును. ఈ ధర్మమును 1831లో ఇంగ్లండున మైకేల్ ఫారడే కనుగొనెను. మన సైకిలు డైనమోకును అదియే మూలము. నైలాను తంత్రులు బిగించినచో నీ పికప్ మూగది. ఇట్టి పికప్ గల గిటారు మొట్టమొదట 1932లో అమెరికాలోని లాస్ ఏంజిలిస్ పట్టణమున విపణికి వచ్చెను. దానిని రూపొందించిన జార్జి బీచమ్ అల్యూమినియముతో గుండ్రని పళ్లెమునకు పొడుగు మెడ తగిలించినట్లు పోతపోయించెను. జనులు దానికి వేపుడు పెనమని పేరిడిరి. మన పల్లెవారైనను అట్లే పిలిచియుందురు.

రాగితీగచుట్ట తంత్రిపలుకునే గాక, గోడలోని విద్యుత్తీగల ప్రభావమును సైతము గ్రహించును. మన దేశమున విద్యుత్తు సెకనునకు 50 కంపములు గలది, అమెరికాలో 60. ఆ కంపములే పెట్టెనుండి రొదగా వెలువడును.

మిషిగన్ రాష్ట్రమున కలమజూ అను పట్టణములో గిబ్సన్ సంస్థయందు పనిచేసిన సెత్ లవరు ఈ రొదకు మందు కనిపెట్టి 1955లో పేటెంటునకు దరఖాస్తు పెట్టెను. 1957లో అది గిటారులకెక్కెను. 1959లో పేటెంటు లభించెను. ఇంచుమించు అదే కాలమున రే బట్స్ అనునతడు గ్రెచ్ సంస్థకొరకు అట్టిదానినే చేసెను. రొదను విదలించునది గనుక దానికి హంబకర్ అని పేరు.

దాని మర్మము వ్యాకరణము చదివినవానికి సులభముగ బోధపడును. ఒక నిషేధము అర్థమును తలక్రిందులు చేయును. రెండు నిషేధములు కలిసిన మొదటి యర్థమే నిలుచును. హంబకరున రెండు చుట్టలు ప్రక్కప్రక్కన నుండును. రెండవ చుట్ట విద్యుత్తు నడచు దిక్కు మొదటిదానికి విలోమము. అది యొక నిషేధము. దాని యయస్కాంతపు ధ్రువమును విలోమమే. అది రెండవ నిషేధము. గోడనుండి వచ్చు రొదకు అయస్కాంతముతో పనిలేదు. దానికి చుట్టు అను నొక్క నిషేధమే తగులును. కాబట్టి ఒక చుట్టలో ధనమైన రొద రెండవదానిలో ఋణమై రెండును కొట్టుకొనిపోవును. తంత్రిపలుకునకు రెండు నిషేధములును తగులును గనుక అది తలక్రిందులు గాక, రెండు చుట్టల పలుకును కలిసి బలపడును. ఇంత చక్కని యుక్తిని నేను యంత్రములలో మఱియొకటి చూడలేదు.

అయినను ప్రతి మేలునకు వెల యుండును. రెండు చుట్టలు వరుసగా కలియుటచే తారస్వరములు మందగించును. పైగా తంత్రిని రెండు తావులందు వినుటచే కొన్ని సూక్ష్మకంపములు తమలో తామే చెడును. ధ్వని గంభీరమే గాని, ఒంటిచుట్ట పికప్ యొక్క తళుకు అందుండదు. వీణ నిండుదనము నొక చెవి కోరగా, మాండలిన్ తళుకును మఱియొక చెవి కోరును. మా మనుమడు రెండును కోరెను. వాడు తీగ కోయదలచినది ఇందులకే.

చీల్చు పద్ధతి వినుడు. మొదటి చుట్ట కొన యొకటి పెట్టెకు పోవును. దాని రెండవ కొనయు, రెండవ చుట్ట మొదటి కొనయు కలిసి నడిముడి యగును. రెండవ చుట్ట తుది కొన భూమికి, అనగా మన మిస్త్రీలు చెప్పు ఎర్తుకు పోవును. నడిముడినే నేరుగ ఎర్తుకు కలిపితిమా, రెండవ చుట్ట నోరు మూతపడును, ఒంటిచుట్టయే పాడును. తళుకు వచ్చును, ధ్వని కొంత తగ్గును, రొద మరల వచ్చును. దీనికొక స్విచ్చి చాలును. కాని స్విచ్చి ఈ కొసనో ఆ కొసనో నిలుపును.

నడిముడికిని ఎర్తునకును నడుమ స్విచ్చికి బదులు రేడియోలందలి వాల్యూము కంట్రోలువంటి త్రిప్పుడు నిరోధకమును పెట్టుటయే మా మనుమడు చేసినది. నిరోధము హెచ్చుగ నున్నపుడు రెండు చుట్టలును పాడును. సున్నకు దింపగా ఒకటియే పాడును. ఈ నడిమి స్థానములు చప్పని రాజీ యని మొదట నేననుకొంటిని; లెక్కవేసి చూడగా అట్లు కాదు. తీగచుట్ట మంద్రమును సులభముగ పోనిచ్చును, తారమును తనలోనే యడ్డగించును. సామాన్యమైన చుట్ట నిరోధము సుమారు 4 కిలో ఓములు. నడిముడివద్ద 10 కిలో ఓములు నిలిపినచో రెండవ చుట్ట పంపు 50 కంపముల మంద్రములో సుమారు 70 శాతము నిలుచును. 3000 కంపముల తారములో నాలుగవవంతు మాత్రమే నిలుచును. రొద యెక్కువపాలు మంద్రము గదా! కావున తారమున ఒంటిచుట్ట తళుకు వచ్చుచుండగనే, మంద్రమున రొద నణచు పని సాగుచునే యుండును. పూర్తిగ చీల్చినపుడు వచ్చు 50 కంపముల రొదలో మూడవవంతునకు తక్కువయే వినబడును. ట్యూబులైటు చిఱచిఱవంటి పై కంపములు మాత్రము కొంచెము ఎక్కువ వచ్చును. ఆ తావున మోహన స్వరములు వాడు పలికింపగా విన్నాను. పై షడ్జము స్ఫుటముగ నుండెను. పెట్టె నిశ్శబ్దముగ నుండెను.

చేయువారికి రెండు మాటలు. గిటారులందు సామాన్యముగ దొరకు 500 కిలో ఓముల కంట్రోలును, సమముగ మారుదానిని, ఇందుకు పెట్టినచో 10 కిలో ఓములు దాని త్రిప్పుడులో నూటికి రెండు పాళ్లవద్దనే తీరిపోవును. తక్కిన త్రిప్పుడంతయు వ్యర్థము. ఆడియో రకపుది, అనగా ఒక కొసనుండి మెల్లమెల్లగ పెరుగునది, పనికివచ్చును. ఏ కొసనుండి మెల్లగ పెరుగునో మీటరుతో చూచి ఆ కొసను సున్నగా వాడవలెను. 50 కిలో ఓములది త్రిప్పుటకు మఱింత అనుకూలమే గాని, పూర్తిగ త్రిప్పినను రెండవ చుట్ట తారమును కొంత మ్రింగును. చివరకు తానే విడిపోవు రకము దొరకినచో ఆ బాధ లేదు.

పికప్ నుండి నాలుగు రంగుల తీగలును, తొడుగు లేని తీగ యొకటియు వచ్చినపుడే ఈ పని సులువు. సీమోర్ డంకన్ సంస్థవారి పద్ధతిలో నలుపు పెట్టెకు, ఎఱుపు తెలుపు కలిసి నడిముడి, ఆకుపచ్చ ఎర్తుకు. తొడుగు లేనిదియు ఎర్తుకే. ఇతరుల రంగులు వేరు. అందుచే రంగును నమ్మక, ఏ రెండింటినడుమ 4 కిలో ఓములు చూపునో మీటరుతో జంటలను గుర్తింపవలెను. పాత తరహా పికపులందు ఒకే తీగ బయటికి వచ్చును. నడిముడి లోపల టేపు క్రింద దాగియుండును. వెండ్రుకవంటి ఆ తీగ తెగిన పికప్ పోయినట్లే. దానిని పిల్లలచేతి కీయకుడు.

ఇక పెద్దలగు మీతోనే పని. నడిముడిని ఎర్తుకు కలుపుట యని పలుమాఱులంటిని. ఆ ఎర్తు ఎక్కడనున్నది? గిటారులోని కంట్రోలు వెనుకభాగము, తంత్రులానిన లోహపు గుఱ్ఱము, తంత్రులు, పెట్టెకు పోవు తీగయొక్క పై అల్లిక, పెట్టె ఇనుపచట్రము, ప్లగ్గునందలి మూడవ పుల్ల – ఇవి యన్నియు నొకటే గొలుసు. దాని కొస మీ పెరటిలోని ఎర్తుగుంట. వాయించు పిల్లవాని వ్రేళ్లు సదా ఆ గొలుసుపైననే యుండును. పెట్టెలో లోపము పుట్టి, గుంట యెండి, మూడవ పుల్ల విరిగియుండెనేని, విద్యుత్తు వాని దేహముగుండ దారి వెదకుకొనును. యార్డ్‌బర్డ్స్ బృందపు గాయకుడు కీత్ రెల్ఫ్ 1976లో ఇంగ్లండున తన యింట విద్యుత్ గిటారు వాయించుచు విద్యుద్ఘాతమున మరణించెను. అంతకు ముందు 1972లో స్వాన్సీ పట్టణపు వేదికపై లెస్ హార్వే ఎర్తు లేని మైకును తాకి ప్రాణములు విడిచెను.

మన పల్లెలలో మూడు పుల్లల ప్లగ్గును రెండు రంధ్రములలో దూర్చుట నేను చాలచోట్ల చూచితిని. ఉత్సవవేదికలకు తెచ్చు జనరేటర్లకు ఎర్తే యుండదు. పెట్టె కొనుటకు ముందే తెలిసిన మిస్త్రీని పిలిచి గుంటను పరీక్షింపజేయుడు. వేసవిలో బొగ్గు ఉప్పు వేసిన గుంటకు నీరు పోయుచుండుడు. మీటర్ల ప్రక్కన లీకేజీ కనిపెట్టి విద్యుత్తును ఆపు బ్రేకరు లేకున్న పెట్టింపుడు. టంకపు పని చేయునపుడు గిటారును పెట్టెనుండి విడదీయుమని పిల్లలకు చెప్పుడు. మా యింట మూడవ పుల్ల ఉన్న సాకెట్టుకు తీగయే లేదని మిస్త్రీ వచ్చి చూచినపుడు గాని తెలియలేదు. గుంట త్రవ్వించి తీగ వేయించిన పిమ్మటనే మనుమనికి టంకపు కడ్డీ తిరిగి యిచ్చితిని.