యంత్రానికీ పుట్టుమచ్చలుంటాయి

(నంద్యాలలో జరిగిన పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటరు గురించి మాట్లాడమని నన్ను ఆదేశించారు. నేను ఇంజనీరును కాను. ఆళ్లగడ్డలోను, తరువాత నంద్యాలలోను ప్రభుత్వ కార్యాలయాల్లో గుమాస్తాగా పనిచేసి రిటైరయిన వాడిని. కనుక గుమాస్తా దృష్టితోనే నాలుగు మాటలు మనవి చేస్తాను.

మనం ఉద్యోగంలో చేరినప్పుడు సర్వీసు రిజిస్టరులో రెండు పుట్టుమచ్చలు రాసేవారు. ఒకే పేరు గలవారు పదిమంది ఉండవచ్చు, మనిషి మారకూడదు గదా! ఆఫీసుకు టైపు మిషను వస్తే దాని నెంబరు స్టాకు రిజిస్టరులో ఎక్కేది. ఇప్పుడు ఇళ్లలోకీ కంప్యూటరు వచ్చింది. దాని నెంబరు ఎవరింట్లో రాసి పెట్టారు?

ఆళ్లగడ్డలో ఉన్న నా మిత్రుడొకరు కంప్యూటరు మొరాయిస్తే ఒక దుకాణంలో బాగుకిచ్చారు. హార్డ్ డిస్కు పోయింది, కొత్తది వేశామని చెప్పి డబ్బు పుచ్చుకున్నారు. పాతది పారేశామన్నారు. కీర్తిశేషురాలైన ఆయన శ్రీమతి ఫోటోలన్నీ అందులోనే ఉన్నాయి. విషయం విని మా మనవడు పది పంక్తుల ప్రోగ్రాము రాసి, ఆ యంత్రం చేతనే దాని వివరాలు చెప్పించాడు. 'కొత్త' డిస్కు అప్పటికే 20 వేల గంటలకు పైగా తిరిగి ఉంది! సంవత్సరానికి 8,760 గంటలు. అంటే రెండేళ్లకు పైగా రాత్రింబవళ్లు పనిచేసినట్లు లెక్క. ఆ కాగితం చూపితే డబ్బు తిరిగి ఇచ్చారు. పాతదాని కోసం పట్టుబడితే, పాడైన డిస్కు ఒకటి తెచ్చి ఇదే మీదన్నారు. ఆయనదో కాదో తేల్చే ఆధారం లేదు. పాత బిల్లులో 'హార్డ్ డిస్కు ఒకటి' అని మాత్రమే ఉంది. నెంబరు లేదు. ఫోటోలు దొరకలేదు.

ప్రోగ్రాము చేసే పనిలో మాయ ఏమీ లేదు. అది నేరుగా యంత్రం లోపలికి తొంగిచూడదు. రికార్డు గదికి చీటీ పంపినట్లు విండోస్‌ను అడుగుతుంది. ఆ రికార్డు గది పేరు డబ్ల్యూ.ఎం.ఐ. మదర్‌బోర్డు నెంబరు తయారీదారు బయోస్‌లో రాసి ఉంచినది. డిస్కు తన నెంబరును, తిరిగిన గంటల లెక్కను తానే దాచుకుంటుంది. నెట్‌వర్కు కార్డుకు మ్యాక్ అడ్రసు అని 12 స్థానాల సంకేతం ఉంటుంది. అందులో మొదటి 6 సాధారణంగా తయారీదారును తెలుపుతాయి.

అయితే ఈ నెంబర్లన్నీ వేదవాక్కులు కావు. విడిభాగాలు కూర్చి అమ్మే కంప్యూటర్లలో మదర్‌బోర్డు నెంబరు అడిగితే కొన్నిసార్లు 'టు బి ఫిల్డ్ బై ఓ.ఇ.ఎమ్.' అని వస్తుంది. అంటే 'తయారీదారు నింపవలెను' అని. కాలమ్ ఖాళీగా వదిలేసి సంతకం పెట్టిన ఫారమన్నమాట! మ్యాక్ అడ్రసును మార్చి చూపవచ్చు. డిస్కునే మార్చేయవచ్చు. అందుకే ఒక్క నెంబరును నమ్ముకోక, రెండు మూడు కలిపి రాసుకోవాలి. మనకు రెండు మచ్చలు రాసింది కూడా అందుకే.

ఇందులో రెండో వైపు కూడా ఉంది. 1999లో ఇంటెల్ కంపెనీ తన పెంటియం 3 ప్రాసెసరులో ప్రోగ్రాములు చదవగల నెంబరు పెట్టింది. దాని ద్వారా మనుషుల కదలికలు కనిపెడతారని ప్రజాహక్కుల సంఘాలు అభ్యంతరం చెప్పగా, తరువాతి ప్రాసెసర్లలో దాన్ని మానుకుంది. కనుక మన నెంబరు మన దగ్గర ఉండవలసిందే గాని, ఎవరో ఫోనులో అడిగారని చెప్పవలసినది కాదు. వాళ్లు పంపిన ప్రోగ్రామునూ ఎక్కించుకోరాదు.

నా మనవి మూడు ముక్కల్లో చెబుతాను. కొన్నప్పుడు బిల్లులో డిస్కు నెంబరు రాయించండి. డిస్కు మీది చీటీలో కూడా అది అచ్చయి ఉంటుంది, సరిచూసుకోండి. బాగుకిచ్చే ముందు నెంబర్లు ప్రింటు తీసి, దుకాణం వారి సంతకంతో రసీదు పుచ్చుకోండి. ఫోటోలకు, కాగితాలకు వేరొక చోట నకలు ఉంచండి. నెంబరు వస్తువును గుర్తిస్తుంది గాని పోయిన ఫోటోను తేలేదు.

సెల్‌ఫోను ఉన్నవారు స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ నొక్కితే 15 అంకెల ఐ.ఎం.ఇ.ఐ. నెంబరు కనబడుతుంది. ఫోను పోయినప్పుడు పోలీసు ఫిర్యాదుతో పాటు ఆ నెంబరు ఇచ్చి, 2023లో కేంద్రం ప్రారంభించిన సంచార్ సాథీ ద్వారా దాన్ని పనిచేయకుండా ఆపించవచ్చు.

ఈ నెంబర్లన్నీ ఒక కాగితం మీద రాసి, పి.పి.ఓ. ఉన్న ఫైలులోనే పెట్టండి. ఆ ఫైలు ఎక్కడుందో ఇంట్లోవారికి చెప్పండి.