కొంగుముడి విప్పే చేతులు



నేను సూరత్‌లోని లింబాయత్‌లో పెరిగినదాన్ని. మునిసిపాలిటీ తెలుగు మీడియం బడిలో అ ఆలు దిద్దుకున్నాను. నాన్నది సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, రాత్రి షిఫ్టు. తెలుగు బడిలో చదివినదాన్నని నాలుగు మాటలు తెలుగులో చెప్పమన్నారు. గుజరాతీ మిత్రులు మన్నించాలి.

గుజరాతీలో విడాకులను ఛూటాఛేడా అంటారు. ఛేడో అంటే బట్ట కొస, కొంగు. పెళ్లిలో ముడేసిన కొసలు విడిపోవడమన్నమాట. మనకూ కొంగుముడి ఉంది. బట్టల ఊళ్లో విడాకులకైనా బట్ట మాటే దొరికింది చూడండి. ఆ ముడి విప్పాల్సి వచ్చినప్పుడు ఎవరిని కూర్చోబెట్టాలి? రేపు నల్లకోటు తొడుక్కోబోయే మీకు నేను చెప్పాలనుకున్నది ఆ ఒక్క సంగతే.

నాకు పన్నెండేళ్లప్పుడు మా చిన్నమ్మ పంచాయితీ మా గల్లీలోనే జరిగింది. పెద్దమనిషిగా కూర్చున్నది చిన్నాయన పనిచేసే సాంచాల సేటు. మా ఊరి మనిషే, మాట చెల్లేవాడు, కట్టుబట్టలతో వచ్చిన ఎందరికో పని చూపించినవాడు. చిన్నాయన ఆయనకు బాకీ కూడా ఉన్నాడు. ఆలుమగలు విడిపోతే చిన్నాయన కరీంనగర్ బండెక్కేస్తాడు, సాంచాలు ఆగుతాయి, ఇచ్చిన అడ్వాన్సు మునుగుతుంది. "సర్దుకుపో బిడ్డా" అన్నాడు సేటు. ఆయన చెడ్డవాడేం కాదు. కానీ ఆ మాట చిన్నమ్మ కోసం అన్నాడో సాంచాల కోసం అన్నాడో ఆయనకే తెలిసుండదు. చిన్నమ్మ మరో తొమ్మిదేళ్లు సర్దుకుంది.

రింగ్ రోడ్డు మార్కెట్‌లో చీరల బేరానికి దలాల్ ఉంటాడు. అతనికి దలాలీ ఎవరిస్తున్నారో అడక్కుండా ఏ వ్యాపారీ మాట కలపడు. కాపురం సంగతికొచ్చేసరికి మాత్రం ఆ ప్రశ్న అడగడం మర్యాద కాదనుకుంటాం.

పెద్దల పంతాలు ఎక్కడిదాకా పోతాయో ఒక కేసు చూడండి. 1999 ఏప్రిల్‌లో ఒక తెలుగు జంటకు పెళ్లయింది. మర్నాడే రెండువైపుల పెద్దలు తిట్టుకుని, ఒకరి మీద ఒకరు చెప్పులు విసురుకున్నారు. మూడోనాటికి కొత్త దంపతులు విడిపోయారు. కేసులు కింది కోర్టు నుంచి హైకోర్టుకూ, అక్కణ్నుంచి సుప్రీంకోర్టుకూ వెళ్లాయి. 2013 ఫిబ్రవరిలో గానీ విడాకులు ఖాయం కాలేదు. కాపురం మూడు రోజులైనా లేదు, వ్యాజ్యం మాత్రం ఏళ్ల తరబడి నడిచింది. ఆ తీర్పులోనే సుప్రీంకోర్టు, ఫ్యామిలీ కోర్టులు ఇలాంటి తగాదాలను మధ్యవర్తిత్వంతో తేల్చడానికి ప్రయత్నించాలనీ, మధ్యవర్తిత్వ కేంద్రాలు కేసు పడకముందే మాట్లాడుకునే వీలు కల్పించాలనీ చెప్పింది. చెప్పులు విసిరిన చేతులు తీర్పు చెప్పడానికి పనికిరావని నాకు అందులో వినపడింది. ఇది నా వ్యాఖ్యానం, కోర్టు మాట కాదు. పరీక్షల్లో రాయకండి.

గుజరాతీలో లవాద్ అనే మాట ఉంది. తగాదా విని తీర్పు చెప్పేవాడు లవాద్. మధ్యవర్తి అలా కాదు, తీర్పు అతని చేతిలో ఉండదు. మన పెద్దమనుషులు చాలామంది మధ్యవర్తి పేరుతో కూర్చుని లవాద్ పని చేస్తారు. 2023 మధ్యవర్తిత్వ చట్టం ప్రకారం తన నిష్పాక్షికత మీద అనుమానం కలిగించే సంబంధం ఏదున్నా మధ్యవర్తి ముందే చెప్పాలి. మధ్యవర్తిత్వంలో అన్న మాటలు కోర్టుకు సాక్ష్యంగా తేకూడదనీ ఆ చట్టంలో ఉంది. గల్లీలో నులకమంచాలేసుకుని చేసే పంచాయితీకి ఈ రెండూ లేవు. పైగా చివర స్టాంపు కాగితం మీద విడాకులు రాయించి పంపేస్తారు. ఆ జంట కులంలో అలా విడిపోయే ఆచారం ఉందని రుజువు చేస్తే తప్ప ఆ కాగితం చెల్లదు. దాన్ని నమ్మి మళ్లీ పెళ్లి చేసుకున్నవాళ్లు ఏళ్ల తర్వాత కోర్టు మెట్లెక్కుతున్నారు.

ఇంకొకటి. దెబ్బలు తిన్న మనిషిని, కొట్టిన మనిషి ఎదుట కూర్చోబెట్టి "మాట్లాడుకోండి" అనకండి. భయపడే గొంతుతో కుదిరిన ఒప్పందం ఒప్పందం కాదు. ముందు మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయించండి. ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్లకు న్యాయసహాయం ఉచితమని, అందుకు 15100కి ఫోన్ చేస్తే చాలని చెప్పండి. ఈ సంగతి తెలియక మంగళసూత్రం తాకట్టు పెట్టి ఫీజు కట్టినవాళ్లను నేను చూశాను.

పట్టా చేతికొచ్చిన వారానికే మీ బస్తీలో మిమ్మల్ని "వకీలమ్మా, వకీలు సాబ్" అని పిలిచి కుర్చీ వేస్తారు. ఆ జంటలో ఒకరు మీ చుట్టమో, మీ నాన్న పనిచేసే చోటివాళ్లో అయితే ఆ కుర్చీలో కూర్చోకండి. చాయ్ తాగి, ఆ ఇద్దరూ ఎరగని మధ్యవర్తి పేరొకటి కాగితం మీద రాసిచ్చి రండి.